ఫాగింగ్ అడగడానికి ముందు: నివాస సంఘాల బాధ్యులకు బహిరంగ లేఖ

నివాస సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, కమిటీ సభ్యులందరికీ నమస్కారం.

డెంగీ కేసు బయటపడిన ప్రతిసారీ మీ సంఘాల నుంచి ఆరోగ్య శాఖకు వెళ్లే వినతిపత్రం దాదాపు ఒకేలా ఉంటుంది. "మా వీధిలో ఒకరికి డెంగీ వచ్చింది, వెంటనే ఫాగింగ్ చేయించండి, కాలువలు శుభ్రం చేయించండి" అని రాస్తారు. ఇంటింటికీ తిరిగి నీటి తొట్లలో లార్వా (దోమగా మారక ముందు నీళ్లలో ఉండే పురుగు) వెతికే పనిలో ఏళ్లు గడిపిన మనిషిని నేను. అలాంటి కాగితాలు ఎన్నో చూశాను. వాటి వెనక ఉన్న భయం నిజమైనది. బిడ్డ ఆసుపత్రిలో ఉన్న ఇంటి బాధ తెలిసే మీరు అది రాస్తారు. కానీ ఆ వినతి రాసే రోజుకి, చేయగలిగిన పనిలో చాలా భాగం చేయిదాటిపోయి ఉంటుంది. కేసులు లేని నెలల్లో, మనసు తీరిగ్గా ఉన్నప్పుడు మీరు ఈ లేఖ చదవాలని నా కోరిక.

ఒక్కసారి వెనక్కి లెక్క వేయండి. ఈ రోజు జ్వరంతో మంచం పట్టిన మనిషిని వైరస్ ఉన్న దోమ కుట్టి 4 నుంచి 10 రోజులై ఉంటుంది. ఆ దోమకు వైరస్ అంతకుముందు ఇంకో మనిషి రక్తం నుంచే వచ్చింది. అది దోమ ఒంట్లో పెరిగి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి సుమారు 8 నుంచి 12 రోజులు పడుతుంది. అంటే మీరు మొదటి కేసు అని రాస్తున్నది రెండు మూడు వారాల కిందటే మీ చుట్టుపక్కల మొదలైన వ్యవహారం. దానికి తోడు వైరస్ సోకిన వాళ్లలో ఎక్కువ మందికి జ్వరమే రాదు, వచ్చినా మామూలు జ్వరంలా వచ్చి పోతుంది. 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 39 కోట్ల మందికి డెంగీ వైరస్ సోకుతుంటే, అందులో 9.6 కోట్ల మందిలోనే అది జబ్బుగా బయటపడుతుంది. ఏ లక్షణమూ లేని మనిషి నుంచి కూడా దోమకు వైరస్ అంటుకోగలదు. కాబట్టి కేసు వచ్చాక మేల్కొనే సంఘం ఎప్పుడూ వైరస్ కంటే రెండు మూడు వారాలు వెనకే ఉంటుంది.

వినతిపత్రంలో రెండో మాట కాలువల గురించి. కాలువలు శుభ్రంగా ఉండాలి, అందులో వాదన లేదు. కానీ మురుగు నీటిలో పెరిగేది చాలా వరకు క్యూలెక్స్ దోమ, రాత్రి నిద్రలో మనల్ని సతాయించేది. డెంగీని మోసే ఈడిస్ ఈజిప్టి దోమకు కావలసింది ఇంట్లో నిలవ ఉన్న తేటనీరు. మూత సరిగ్గా పడని డ్రమ్ము, మేడ మీద ట్యాంకు, కూలర్, పూలకుండీ కింద పళ్లెం, ఫ్రిజ్ వెనక నీరు చేరే ట్రే, ఎవరూ వాడని బాత్రూంలో కమోడ్, లిఫ్టు గుంత, పక్షుల కోసం పెట్టి మరచిపోయిన గిన్నె, టార్పాలిన్ మడతలో నిలిచిన వాన నీరు, పాత టైరు. ఇది పగలు కుడుతుంది, పొద్దెక్కే వేళా పొద్దు గుంకే ముందూ మరింత ఎక్కువగా. రాత్రి దోమతెర కట్టుకుని పడుకునే ఇంట్లో కూడా డెంగీ రావడానికి కారణం ఇదే.

ఈ దోమ గురించి మీ కమిటీలో ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాల్సిన సంగతులు మూడు. గుడ్లను ఇది నీళ్లలో వదిలేయదు, నీటి అంచుకు కాస్త పైన తొట్టి గోడకు అంటించి పెడుతుంది. తొట్టి ఎండిపోయినా ఆ గుడ్లు నెలల తరబడి చావకుండా ఉంటాయి, మళ్లీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే నీళ్లు పారబోస్తే పని పూర్తయినట్టు కాదు, లోపలి గోడలను బ్రష్షుతో గట్టిగా రుద్దాలి. వేడి వాతావరణంలో గుడ్డు పొదిగి రెక్కల దోమగా ఎగరడానికి వారం పది రోజులు చాలు, వారానికో రోజు అన్ని తొట్లూ ఖాళీ చేసి ఆరబెట్టమనడం ఆ లెక్కతోనే. ఇక మూడోది మీకు బలం ఇచ్చే సంగతి: ఈ దోమ దూరం పోదు. చాలా వాటికి పుట్టిన చోటి నుంచి వంద రెండు వందల మీటర్లే లోకం. మీ వీధిలో కుట్టే దోమ చాలావరకు మీ వీధిలో పుట్టిందే. ఎక్కడి నుంచో వచ్చిపడే విపత్తయితే మన చేతిలో ఏమీ ఉండేది కాదు. ఇది మన ఇళ్ల మధ్య తయారయ్యేది కాబట్టే మన చేతిలో ఉంది.

ఇప్పుడు ఫాగింగ్ సంగతి. పొగగా వదిలే మందు గాలిలో ఎగురుతున్న పెద్ద దోమ మీద పడితే చంపుతుంది. తొట్టిలో ఉన్న లార్వాను ఏమీ చేయదు, గోడకు అంటుకున్న గుడ్డును అసలే ముట్టుకోదు. పైగా ఈడిస్ ఉండేది ఇళ్ల లోపల, మంచాల కింద, బట్టల వెనక, చీకటి మూలల్లో. వీధిలో యంత్రం వెళ్తుంటే మనం తలుపులూ కిటికీలూ మూసుకుంటాం. పొగ బయట, దోమ లోపల. రెండు మూడు రోజుల్లో కొత్త దోమలు తొట్లలోంచి బయటికి వస్తాయి. కొన్ని రకాల మందులకు ఈడిస్ దోమలు చాలా దేశాల్లో లొంగడం మానేశాయి కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని వ్యాధి ప్రబలినప్పుడు అత్యవసర చర్యగానే చెబుతుంది, రోజువారీ నివారణగా కాదు. కేసులు గుంపుగా వచ్చిన చోట, ఇళ్ల లోపల, తొట్ల శుభ్రతతో కలిపి చేస్తే దానికి ఒక ప్రయోజనం ఉంది. నేను వద్దనేది ఫాగింగ్‌ను కాదు, ఫాగింగ్ అయ్యాక అందరి మనసుల్లోకీ వచ్చే నిశ్చింతను. యంత్రం చప్పుడు వినబడితే చాలు, ప్రభుత్వం పని చేసిందనీ సంఘం పని చేయించిందనీ అనిపిస్తుంది. ఆ సాయంత్రం తొట్టి మూత ఎవరూ తీసి చూడరు.

మరి కేసు రాకముందే సిద్ధంగా ఉండటం, అంటే సన్నద్ధత, ఎలా ఉంటుంది? అమెరికాలోని కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు, మొదట మద్యం, మాదకద్రవ్యాల సమస్య కోసం, ఒక సముదాయం ఏ మేరకు సిద్ధంగా ఉందో కొలిచే పద్ధతి తయారు చేశారు. తర్వాత దాన్ని ఎన్నో ఆరోగ్య సమస్యలకు వాడుతున్నారు. అందులో తొమ్మిది మెట్లు ఉన్నాయి. సమస్య ఉందనే ఎరుక లేని దశ అడుగున ఉంటుంది. దాని పైన "ఉంటే ఉండొచ్చు, మన దగ్గర కాదు" అనే నిరాకరణ. ఆ పైన "ఏదో చేయాలి, ఎవరో చేయాలి" అనే మసక ఎరుక. తర్వాత కొందరు కూర్చుని మాట్లాడుకోవడం, ప్రణాళిక వేసుకోవడం, పని మొదలుపెట్టడం, ఆ పని నిలదొక్కుకోవడం, విస్తరించడం. చివరి మెట్టు మీద ఆ పని సముదాయానికి సొంతమైపోతుంది, పైనుంచి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు.

మీ సంఘం ఏ మెట్టు మీద ఉందో కమిటీ సమావేశంలో ఒకరినొకరు నిజాయితీగా అడిగి తేల్చుకోండి. ఇది పరీక్ష కాదు, మార్కులు లేవు. నేను చూసిన సంఘాల్లో ఎక్కువ భాగం మూడో మెట్టు మీదే ఆగిపోయాయి. డెంగీ ప్రమాదమని అందరికీ తెలుసు, దోమ వల్ల వస్తుందని తెలుసు, నీరు నిలవ ఉండకూడదని తెలుసు. అయినా మా ఇంట్లో ఉన్న తొట్టికీ పక్కింటి బాబు జ్వరానికీ సంబంధం ఉందని ఎవరికీ అనిపించదు. ఆ మెట్టు మీద ఉన్నవాళ్లకు కరపత్రాలు పంచితే కాగితం ఖర్చు తప్ప ఏమీ మిగలదు, ఎందుకంటే అందులో ఉన్నది వాళ్లకు ముందే తెలుసు. వాళ్లకు లేనిది తమ వీధి లెక్క.

నేను ఈ లేఖ రాసింది ఈ లెక్క అడగడానికే. మీ వీధిలో ఎన్ని ఇళ్లు, ఎన్ని ఇళ్లలో లార్వా దొరికింది, ఏ రకం తొట్టిలో దొరికింది? ఈ మూడింటికి జవాబు తెలిసిన సంఘం చాలా తక్కువ. ఆ జవాబు లేకుండా చేసే పనంతా గురి లేని పని.

ఇది ఊరికే చెప్పడం లేదు. నికరాగువా రాజధాని మనాగువాలోనూ మెక్సికోలోని గెరేరో రాష్ట్ర తీర ప్రాంతాల్లోనూ 'కమినో వెర్దె' అనే పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2015లో 'బీఎంజే' అనే వైద్య పత్రికలో వచ్చాయి. 150 ప్రాంతాలను తీసుకుని, సగం చోట్ల ప్రభుత్వ కార్యక్రమాన్ని మాత్రమే ఉంచారు, సగం చోట్ల దానికి తోడు సముదాయాన్ని కదిలించారు. కదిలించడమంటే ఉపన్యాసాలు ఇవ్వడం కాదు. ముందు ఇంటింటి సర్వే చేసి, ఆ ఫలితాలను ఆ వాడవాళ్లకే చూపించారు. మీ తొట్లలో ఇంత లార్వా ఉంది, మీ పిల్లల్లో ఇంతమందికి ఈ వైరస్ సోకింది, ఏం చేద్దాం అని అడిగారు. ఏం చేయాలో వాడవాళ్లే నిర్ణయించుకున్నారు, ఒక్కో చోట ఒక్కో దారి. కొత్త రసాయనం ఒక్కటి కూడా జోడించలేదు. ఈ ప్రాంతాల్లో పిల్లలకు కొత్తగా వైరస్ సోకడం మిగతా ప్రాంతాలతో పోలిస్తే సుమారు 30 శాతం తగ్గింది, లార్వా ఉన్న ఇళ్లు సుమారు 44 శాతం తగ్గాయి. 30 శాతం అంటే పూర్తి విజయం కాదని కొందరు అంటారు. నిజమే. కానీ ఈ తగ్గుదల ప్రభుత్వ కార్యక్రమం అప్పటికే నడుస్తున్న చోట, దాని మీద అదనంగా వచ్చింది. మనుషులు తమ లెక్క తాము చూసుకోవడం వల్ల వచ్చింది.

వియత్నాంలో ఇంకో దారి. అక్కడ నీళ్లు నిలవ చేసే పెద్ద తొట్లు, బావులే దోమలకు ముఖ్యమైన పుట్టిల్లు అని ముందు తేల్చుకున్నారు. మీసోసైక్లాప్స్ అనే కంటికి కనిపించీ కనిపించనంత చిన్న నీటి ప్రాణి ఈడిస్ లార్వాను తినేస్తుంది. దాన్ని ఆ తొట్లలో వదిలారు. ఊరి వాలంటీర్లూ బడి పిల్లలూ ఇంటింటికీ దాన్ని చేర్చారు, చిన్న చెత్తను ఏరేశారు. 2005లో 'లాన్సెట్' వైద్య పత్రికలో వచ్చిన నివేదిక ప్రకారం 37 కమ్యూన్లలో (అక్కడి స్థానిక పాలనా ప్రాంతాలు) 32 చోట్ల ఈడిస్ ఈజిప్టి కనిపించకుండా పోయింది. ఆ ప్రాణి గొప్పతనం కొంత, ఏ తొట్టి మీద గురి పెట్టాలో ముందే తెలిసి ఉండటం ఇంకొంత. ఏ వీధిలోనైనా ఎక్కువ దోమలు కొన్ని రకాల తొట్ల నుంచే వస్తాయి. అవేవో తెలియకపోతే, గంటలకు గంటలు ఖాళీ డబ్బాలు ఏరుతూ అసలు డ్రమ్మును వదిలేస్తాం.

వదిలేస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. అమెరికా ఖండాల్లో 1947 తర్వాత ఈడిస్ ఈజిప్టి నిర్మూలనకు దేశాలన్నీ కలిసి పూనుకున్నాయి. 1958లో బ్రెజిల్ ఆ దోమ నుంచి విముక్తమైనట్టు ప్రకటించారు, 1962 నాటికి 18 దేశాలు ఆ జాబితాలో చేరాయి. దోమ కనిపించడం లేదు కదా అని నిఘా తగ్గింది, డబ్బు తగ్గింది, మనుషులు తగ్గారు. 1970ల్లో దోమ మళ్లీ ఒక్కో దేశానికీ తిరిగి వచ్చింది. మీ సంఘంలో ఒక ఏడాది కేసులు రాకపోతే "ఈసారి అవసరం లేదులే" అన్న మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ రోజు ఈ సంగతి గుర్తు చేయండి.

"కిందటేడు మాకందరికీ వచ్చేసింది, ఇంక రాదు" అని కూడా అంటారు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలు ఉన్నాయి. ఒకటి వస్తే ఆ రకం నుంచి దీర్ఘకాల రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి నుంచి కొన్నాళ్లు మాత్రమే. తర్వాత వేరే రకం సోకితే జబ్బు తీవ్రమయ్యే ప్రమాదం ఎక్కువ. క్యూబాలో 1977లో మొదటి రకం విస్తృతంగా వ్యాపించింది, 1981లో రెండో రకం వచ్చింది. ఆ ఏడాది అక్కడ 3,44,203 కేసులు, 158 మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పిల్లలే. ఒకసారి డెంగీ చూసిన వీధికి భయం ఎక్కువ ఉండాలి, తక్కువ కాదు.

ఇక పని దగ్గరికి వద్దాం. వీధి పటం ఒకటి చేతితో గీయండి, ఇంటి నంబర్లు వేయండి. ఇద్దరిద్దరు చొప్పున జట్లు చేయండి, ఒకరైనా స్త్రీ ఉండేలా చూడండి, ఎందుకంటే తలుపు తీసేదీ తొట్టి ఎక్కడుందో తెలిసినవాళ్లూ ఎక్కువగా ఆడవాళ్లే. ఒక టార్చి, ఒక తెల్ల గిన్నె, ఒక నోటు పుస్తకం చాలు. ప్రతి ఇంట్లో నీరున్న తొట్లు ఎన్ని, వాటిలో లార్వా ఉన్నవి ఎన్ని అని రాయండి. వంద ఇళ్లకు ఎన్ని ఇళ్లలో లార్వా ఉందో అది హౌస్ ఇండెక్స్. వంద ఇళ్లకు లార్వా ఉన్న తొట్లు ఎన్నో అది బ్రిటో ఇండెక్స్. వీలైతే ప్యూపాలను వేరుగా లెక్కపెట్టండి. లార్వా తర్వాతి దశ అది, కామాలాగా వంగి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో దోమగా ఎగిరిపోతుంది. ఏ తొట్టిలో ప్యూపాలు ఎక్కువ ఉన్నాయో అదే మీ వీధికి దోమలు సరఫరా చేస్తోంది. సంఖ్య తక్కువ వచ్చినంత మాత్రాన డెంగీ రాదని హామీ లేదు. అయితే వారం వారం ఆ సంఖ్య ఎటు పోతోందన్నది మీకు చాలా చెబుతుంది.

తలుపు దగ్గర ఎలా మాట్లాడతామన్న దాని మీద సగం ఫలితం ఆధారపడుతుంది. నా అనుభవంలో ఏ ఉపన్యాసం కంటే ఎక్కువగా పని చేసింది తెల్ల గిన్నె. వాళ్ల తొట్టిలోంచే నీళ్లు ముంచి, టార్చి వెలుగులో తలకిందులుగా వేలాడే లార్వాను చూపిస్తే, "ఇవి నీటి పురుగులనుకున్నాం" అంటారు. అంతే, మూత వెతకడం మొదలవుతుంది. దయచేసి ఎవరినీ దోషిగా నిలబెట్టకండి. లార్వా దొరికిన ఇంటి నంబరు వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. పెడితే వచ్చే వారం ఆ తలుపు తెరుచుకోదు, ఆ పక్క తలుపు కూడా. వీధి మొత్తానికి ఒకే సంఖ్య చూపించండి. ఇంటి సంగతి ఆ ఇంటివాళ్లతోనే మాట్లాడండి.

నీళ్లు నిలవ చేసుకునే ఇళ్ల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. కుళాయిలో ఎప్పుడు నీళ్లొస్తాయో తెలియని ఇల్లు నాలుగు డ్రమ్ములు నింపుకోకుండా ఎలా బతుకుతుంది? వాళ్లను అజాగ్రత్త మనుషులని తిట్టడం అన్యాయం. వాళ్లకు సరిపడే మూతలు, వలగుడ్డ, అంచుకు బిగించే తాడు సంఘం ఖర్చుతో ఇవ్వండి. రుద్దడానికి మనిషి లేని వృద్ధుల ఇంటికి యువకులను పంపండి. దానితో పాటు నీటి సరఫరా వేళలు స్థిరంగా ఉండేలా స్థానిక సంస్థ మీద ఒత్తిడి తెచ్చేది కూడా మీరే. నా దృష్టిలో క్రమం తప్పని కుళాయి ఫాగింగ్ యంత్రం కంటే మంచి డెంగీ మందు.

తాళం వేసిన ఇళ్లు, ఖాళీ స్థలాలు, కట్టుబడిలో ఉన్న భవనాలు సర్వేలో ఎప్పుడూ తప్పించుకుంటాయి. కట్టుబడి దగ్గర నీటి తొట్టి, స్లాబు మీద క్యూరింగ్ నీరు, సెల్లార్లో ఊట వారాల తరబడి కదలకుండా ఉంటాయి. తాళం తీయించే ఏర్పాటు యజమానితో ముందే చేసుకోండి, మేస్త్రీ ఫోను నంబరు సంపాదించి పెట్టుకోండి. వాచ్‌మెన్లనూ ఇళ్లలో పని చేసేవాళ్లనూ జట్లలో గౌరవంగా కలుపుకోండి. పది ఇళ్ల వెనక వాకిలి తెలిసిన వాళ్లు వాళ్లే. బడులను, కార్యాలయాలను మరవకండి, ఈ దోమ కుట్టే వేళకు పిల్లలూ పెద్దలూ ఉండేది అక్కడే.

వాడుక నీటి తొట్టిని ఖాళీ చేయలేని చోట లార్వాను చంపే మందు వేయవచ్చు. అది ఆరోగ్య సిబ్బంది చేత, వాళ్లు చెప్పిన మోతాదులోనే వేయించండి. పెద్ద తొట్లకు, బావులకు లార్వాను తినే చేపలు మంచివే, కానీ చెరువుల్లోకీ కాలువల్లోకీ వాటిని ఇష్టం వచ్చినట్టు వదలకండి, అక్కడి సొంత చేపలకు చేటు.

ఇప్పటిదాకా చెప్పింది దోమ గురించి. జ్వరం వచ్చిన ఇంటికి సిద్ధంగా ఉండటం కూడా సన్నద్ధతే, ప్రాణాలు నిలిచేదీ పోయేదీ అక్కడే. డెంగీలో అందరూ పొరబడే ఘట్టం ఒకటుంది. మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో జ్వరం తగ్గుతుంది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరిగ్గా ఆ తర్వాతి 24 నుంచి 48 గంటల్లోనే కొందరిలో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోయి రక్తపోటు పడిపోతుంది. విడవని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచీ ముక్కు నుంచీ రక్తం, వాంతిలో లేదా మలంలో రక్తం, మనిషి మత్తుగా లేదా చిరాకుగా మారడం, చేతులు కాళ్లు చల్లబడటం, మూత్రం తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తీవ్రమైన డెంగీని సకాలంలో గుర్తించి సరిగ్గా ద్రవాలు ఎక్కిస్తే మరణాలు నూటికి ఒకటి కంటే తక్కువకు దిగుతాయి. ఈ లక్షణాల జాబితాను మీ నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించండి, ఫాగింగ్ వేళల కంటే పైన.

జ్వరానికి పారాసెటమాల్ మాత్రమే, వైద్యులు చెప్పిన మోతాదులో. ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలు రక్తస్రావాన్ని పెంచుతాయి, అవి వద్దు. మొదటి ఐదు రోజుల్లో రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను వెతికే ఎన్‌ఎస్1 పరీక్ష, ఆ తర్వాత వైరస్ మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను వెతికే ఐజీఎం పరీక్ష ఉపయోగపడతాయి. జ్వరం ఉన్న మనిషిని పగటిపూట కూడా దోమతెరలో ఉంచండి, ఆ రోజుల్లో కుట్టిన దోమే తర్వాతి ఇంటికి వైరస్ మోస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్లకు జ్వరమొస్తే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తలుపు తట్టే మనిషిని ముందే నియమించుకోండి.

ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) గురించి మీ గ్రూపుల్లో వచ్చే సందేశాలు నన్ను చాలా బాధపెడతాయి. సంఖ్య పడిందని తెలియగానే దాతల కోసం పరుగులు పెడతారు, ఆ కంగారులో మూత్రం ఎంత వస్తోందో, నాడి ఎలా ఉందో చూడాల్సిన గంటలు పోతాయి. సింగపూర్, మలేషియా ఆసుపత్రుల్లో 20 వేలు, అంతకంటే తక్కువ ప్లేట్‌లెట్లు ఉన్న పెద్దవాళ్ల మీద చేసిన పరిశోధన 2017లో 'లాన్సెట్'లో వచ్చింది. రక్తస్రావం లేనివాళ్లకు ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించినందువల్ల రక్తస్రావం తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. ఎప్పుడు ఎక్కించాలో వైద్యులను నిర్ణయించనివ్వండి. మీ సంఘం చేయగలిగిన మేలు, మనిషిని సమయానికి ఆసుపత్రికి చేర్చే వాహనం సిద్ధంగా ఉంచడం.

టీకా వస్తోంది కదా అని అడుగుతారు. డెంగీ తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో 6 నుంచి 16 ఏళ్ల పిల్లలకు టీఏకే-003 టీకా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో సూచించింది. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో దోమ ఒంట్లో వైరస్‌ను సరిగా పెరగనివ్వని ఓల్బాకియా బ్యాక్టీరియా ఉన్న దోమలను వదిలితే డెంగీ కేసులు 77 శాతం తగ్గాయని 2021లో తేలింది. ఇవి నిజమైన ఆశలు, నేను ఆనందిస్తాను. కానీ 2023లో ప్రపంచమంతటా 65 లక్షలకు పైగా కేసులు, 7,300కు పైగా మరణాలు నమోదైతే, 2024లో కేసులు 1.4 కోట్లు దాటాయి. కొత్త సాధనాలు మీ వీధికి చేరేదాకా ఆగే తీరిక లేదు. అవి వచ్చిన రోజున కూడా ఇంటింటికీ వెళ్లి ఒప్పించాల్సింది మీలాంటి సంఘాలే.

అందుకని మీ తర్వాతి వినతిపత్రం ఇలా ఉండాలని కోరుతున్నాను. మా ప్రాంతంలో చేసిన లార్వా సర్వే ఫలితాలు మాకు ఇవ్వండి. జ్వరం కేసు నమోదైన రోజే, పేరు చెప్పకుండా, ఏ వీధిలోనో మాకు తెలియజేయండి. మా జట్లకు సర్వే నేర్పడానికి ఒక మనిషిని పంపండి. మేం నింపిన లెక్కలను సరిచూడండి. వాడుతున్న మందుకు ఇక్కడి దోమలు లొంగుతున్నాయో లేదో పరీక్షించి చెప్పండి. నీళ్లొచ్చే వేళలు ముందుగా ప్రకటించండి. ఇలా అడిగే సంఘాన్ని ఏ అధికారీ తేలిగ్గా తీసుకోలేడు, ఎందుకంటే దాని చేతిలో సొంత లెక్క ఉంటుంది.

వానలు మొదలవడానికి రెండు నెలల ముందు, తొట్ల గోడలకు ఎండిన గుడ్లు అంటుకుని ఉన్న కాలంలో, ఒక ఆదివారం మొదటి సర్వే పెట్టుకోండి. సగం ఇళ్లే తెరుచుకున్నా ఆ సగం లెక్కే రాయండి. సాయంత్రానికి వీధి మొత్తం సంఖ్యను నోటీసు బోర్డు మీద అతికించి, కింద రెండో సర్వే తేదీ వేయండి. ఆ తేదీ వారం లోపే ఉండాలి.

ఇట్లు,
ఇంటింటి లార్వా సర్వేలో పని చేసే ఒక ఆరోగ్య కార్యకర్త